ముందు గాలి, ఆ తర్వాతే గేరు

(నల్లగొండలో పాత జీపుల యజమానులు, మోటార్ మెకానిక్ ట్రేడు చదివే పిల్లలు కలిసిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన వరుసను మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తున్నదా? సరే.

నన్ను పిలిచిన తమ్ముళ్లు లాకర్, అంటే ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం, దాని గురించి చెప్పమన్నారు, గేర్ల గురించి చెప్పమన్నారు. చెప్తాను. అయితే లోపలికి వచ్చే ముందు బయట నిలబెట్టిన బండ్లన్నీ ఒకసారి చూశాను. పెద్ద టైర్లు దాదాపు అన్నింటికీ ఉన్నాయి. గాలి నింపుకునే ఏర్పాటు ఉన్నవి తక్కువ. ఆ టైర్లకు తగ్గట్టు గేర్లు మార్చినవి ఇంకా తక్కువ. డబ్బు తలకిందులుగా ఖర్చవుతున్నది అని నా లెక్క. టైరు ఫొటోలో కనిపిస్తుంది, ఇరుసు లోపల ఉండే గేరు జత, క్రౌన్ పినియన్, కనిపించదు కదా.

అందుకే వరుస మార్చి చెప్తాను. మొదట గాలి. అది పెట్టుకున్నాక టైరు ఎంత పెద్దది కావాలో మీకే అర్థమవుతుంది, ఎందుకంటే సగం చోట్ల పాత టైరే సరిపోతుంది. టైరు కొలత ఖాయమైతేనే గేరు లెక్క వేయగలం. గేరు కోసం హౌసింగ్, అంటే ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా, విప్పినప్పుడే లాకర్ వేసుకోవాలి. ఆ లాకర్ పనిచేయాలంటే మళ్లీ గాలి కావాలి. చూడండి, మొదలు పెట్టిన చోటు ఎంత ముఖ్యమో.

మన దక్షిణ తెలంగాణలో ఒకే రోజు ప్రయాణంలో మూడు రకాల నేల తగులుతుంది. దేవరకొండ వైపు చల్క, దాని మీద గుండ్లూ గుట్టలూ. అలంపురం వైపు పోతే నల్లరేగడి. బీచుపల్లి, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఇసుక. మూడింటికీ ఒకే గాలితో పోతామంటే కుదరదు. తారు రోడ్డు మీద 32 పీఎస్ఐ ఒత్తిడి ఉండే టైరును ఇసుకలో 15, 18కి దించితే టైరు కింద నేలకు ఆనే జాగా పొడవు పెరుగుతుంది. అడ్డంగా పెరిగేది కొంచెమే, పొడవే ఎక్కువ. బరువు పంచుకుంటుంది, టైరు కూరుకుపోదు. గుండ్ల మీద 18, 20 దగ్గర పెడితే టైరు రాయిని చుట్టుకుని పట్టుకుంటుంది, ఎగిరి పడదు. 15 కంటే కిందికి పోకండి, మామూలు రిమ్ము నుంచి టైరు అంచు ఊడే ప్రమాదం ఉంటుంది. గాలి తగ్గించాక స్పీడూ తగ్గించాలి, మలుపులో స్టీరింగు ఒక్కసారిగా తిప్పకూడదు.

రేగడి సంగతి వేరే. వాన పడ్డ రేగడిలో గాలి దించినా పెద్ద లాభం లేదు. టైరు పైన ఉండే గాడుల్లో మట్టి నిండితే ఎంత మంచి టైరైనా నున్నటి రోలరే. అక్కడ ఏ సామానూ పనిచేయదు, రెండు రోజులు ఎండ కాయనివ్వాలి. ఈ మాట ఎవరికీ నచ్చదు.

దించడం సులువు, వాల్వు పిన్ను తీస్తే చాలు. తిరిగి ఎక్కించడమే తిప్పలు. 18 పీఎస్ఐతో తారు రోడ్డెక్కి ఇంటిదాకా ఎనభైలో పోతే టైరు పక్కగోడ మడతలు పడి వేడెక్కుతుంది. మే నెలలో పాలమూరు రోడ్డు మీద ఆ వేడి ఏ పాటిదో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్లో పంచర్ షాపు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కరెంటు ఉంటే ఉంటుంది, ఆదివారం కాకపోతే ఉంటుంది.

అసలు బండి మీద గాలి అన్నది నల్లగొండ జిల్లాకు కొత్తా? బోరు వేయించినవాళ్లు చేతులెత్తండి. ఆ, అందరూ ఎత్తారు. బోరు బండి మీద ఉన్న కంప్రెసర్‌ను చూశారుగా. ఆ గాలే కింద సుత్తిని కొడుతుంది, ఆ గాలే రాతి పొడిని పైకి ఊదుతుంది. మనకు కావాల్సింది అందులో అణువంత.

అది మూడు రకాలుగా వస్తుంది. ఒకటి, 12 వోల్టుల ఎలక్ట్రిక్ కంప్రెసర్‌ను బానెట్ కిందో సీటు కిందో బిగించుకోవడం. రెండు, పాత ఏసీ కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టుకు తగిలించి గాలి కంప్రెసర్‌గా వాడుకోవడం. మూడు, సీఓ2 సిలిండర్ పెట్టుకుని తిరగడం. మూడోది వదిలేయండి, అయిపోయిన ప్రతిసారీ నింపించుకోవడానికి హైదరాబాద్ పోవాలి.

ఏసీ కంప్రెసర్ పద్ధతి పాత జీపుల్లో చాలామంది చేశారు. గాలి బాగా వస్తుంది, బ్యాటరీ మీద బరువు లేదు. కానీ ఒక సంగతి తెలుసుకుని చేయండి. ఈ రోజుల్లో కార్లకు వచ్చే ఏసీ కంప్రెసర్లకు చాలావరకు సొంత ఆయిల్ సంపు ఉండదు. ఏసీ గ్యాసుతో పాటు తిరిగే ఆయిలే వాటి లోపల తడుపుతుంది. గ్యాసు తీసేసి గాలి లాగిస్తే ఆ తడి పోతుంది, కొంతకాలానికి పట్టేస్తుంది. పాత యార్క్ రకం పిస్టన్ కంప్రెసర్‌కు కింద సంపు ఉంటుంది, అందుకే జీపులవాళ్లకు అదంటే ప్రేమ. వేరే రకం దొరికితే లోపలికి పోయే గాలిలో ఆయిల్ చుక్కలు పడే ఏర్పాటు, బయటికి వచ్చే గాలిలో ఆ ఆయిల్‌ను వేరుచేసే ఫిల్టరు, రెండూ పెట్టాలి. లేకపోతే ఆయిల్ టైర్ల లోపలికీ లాకరు పైపుల లోపలికీ పోతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఎలక్ట్రిక్‌దే. ఒక శనివారం పని. కొనేటప్పుడు డబ్బా మీద 150 పీఎస్ఐ, 200 పీఎస్ఐ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అది చూడకండి, మీ టైరుకు కావాల్సింది 32. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో చూడండి. ఎంతసేపు ఆగకుండా నడవగలదో చూడండి. దాన్నే డ్యూటీ సైకిల్ అంటారు.

లెక్క వేద్దాం. 31 అంగుళాల టైరులో సుమారు 65 లీటర్ల జాగా అనుకోండి. 18 నుంచి 32కి ఎక్కించాలంటే 14 పీఎస్ఐ పెంచాలి. బయటి గాలి ఒత్తిడి 14.7 కాబట్టి ఒక్కో టైరుకు దాదాపు 62 లీటర్ల బయటి గాలి లోపలికి నెట్టాలి. నాలుగింటికీ 250 లీటర్లు. నిమిషానికి 70 లీటర్లిచ్చే కంప్రెసరైతే నడిచే సమయం నాలుగు నిమిషాల లోపే. 25 లీటర్లిచ్చే చిన్నదైతే పది నిమిషాలు. ఒత్తిడి పెరిగేకొద్దీ ఇచ్చే గాలి తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది, మధ్యలో వేడెక్కి ఆగితే మీరు చెట్టు కింద కూర్చోవాలి.

ఇప్పుడు ట్యాంకు. లారీ బ్రేకు గాలి ట్యాంకు ఒకటి స్క్రాప్ షాపులో కొని కింద తగిలిస్తే గాలికి కొదవ లేదనుకుంటారు. పది లీటర్ల ట్యాంకులో 110 పీఎస్ఐ నింపారనుకోండి. అది 32కి దిగేలోపు ఇచ్చే గాలి 53 లీటర్లు. ఒక్క టైరు కూడా నిండదు! ట్యాంకు పని టైర్లు నింపడం కాదు. రిమ్ము నుంచి ఊడిన టైరును ఒక్క ఊపులో కూర్చోబెట్టడం, రేడియేటర్‌లో ఇరికిన గడ్డిని ఊదడం, లాకరుకు తడవకోసారి కంప్రెసర్ మొదలవకుండా చూడడం. ఈ పనులు అక్కర్లేనివాళ్లు ట్యాంకు ఖర్చు పెట్టకండి.

పెట్టుకునేవాళ్లు మాత్రం బాగా వినండి. బోరుకు వాడే పీవీసీ పైపు ముక్కకు రెండు వైపులా క్యాపులు అతికించి దాన్ని గాలి ట్యాంకు అంటున్నవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. అదే పైపులో నీళ్లు అంతే ఒత్తిడిలో పోతున్నాయి కదా అంటారు. నీళ్లు నొక్కుకుపోవు. పైపు పగిలితే చిమ్మి ఊరుకుంటాయి. గాలి నొక్కుకుని ఉంటుంది. పగిలితే ఆ నొక్కిన బలమంతా ఒక్కసారే బయటికి వస్తుంది, పీవీసీ పెంకులై ఎగురుతుంది. లారీ ట్యాంకు కొన్నా సరే, దాని మీద క్లాంపు కోసం వెల్డింగు పెట్టకండి, పట్టీ వేసి బిగించండి. లోపల తుప్పు ఉందో లేదో టార్చి వేసి చూడండి. సేఫ్టీ వాల్వు తప్పనిసరి. కింద డ్రెయిన్ కాక్ పెట్టి నీళ్లు వదులుతూ ఉండాలి, వానాకాలంలో ఇంకా తరచుగా. ప్రెషర్ స్విచ్ 85 దగ్గర మొదలై 105 దగ్గర ఆగేది దొరుకుతుంది. కంప్రెసర్‌కూ ట్యాంకుకూ మధ్య గాలిని వెనక్కి పోనివ్వని వాల్వు, ఎన్ఆర్‌వీ, ఉండాలి. ఎన్ఆర్‌వీ అంటే ఏమిటో రైతు బిడ్డలకు నేను చెప్పనవసరం లేదు, బోరు పైపులో ఉండేదే, కాకపోతే ఇది గాలిది. కంప్రెసర్ నుంచి వచ్చే మొదటి అర మీటరు పైపు వేడికి తట్టుకునే అల్లిక పైపు కావాలి, గాలి అక్కడ సలసలా కాగుతుంది. ఆ తర్వాత లారీలకు వాడే నైలాన్ బ్రేకు పైపు సరిపోతుంది.

కరెంటు సంగతి. జంట సిలిండర్ల పెద్ద కంప్రెసర్ 50 ఆంపియర్లకు పైనే లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్టు ఫ్యూజు 15, 20. అందుకని తీగ నేరుగా బ్యాటరీ నుంచే రావాలి, బ్యాటరీని ఆనుకునే ఫ్యూజు ఉండాలి, మధ్యలో రిలే, అంటే చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును నడిపేది. చిన్నదానికి 6 ఎంఎం తీగ, పెద్దదానికి 16 ఎంఎం. మోటరు కేబుల్ కొనేటప్పుడు చూసే ఎంఎం లెక్కే. నడిపేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. కంప్రెసర్ గాలి పీల్చే చోటు మాత్రం దుమ్ము లేని జాగాలోకి, కుదిరితే క్యాబిన్ లోపలికి తెచ్చుకోండి.

(ఒకరు లేచి అడిగారు: "సార్, గేర్లు మార్చకుండా పెద్ద టైర్లు వేస్తే ఏమవుతుంది? నడుస్తూనే ఉంది కదా?")

నడుస్తుంది తమ్ముడూ. ఎలా నడుస్తుందో చెప్తాను, కూర్చో.

నీ బండికి 28 అంగుళాల టైరు, హౌసింగ్‌లో 4.27 రేషియో అనుకుందాం. అంటే పెద్ద గేరు క్రౌన్‌కు 47 పళ్లు, చిన్న గేరు పినియన్‌కు 11. దానికి 31 టైరు వేశావు. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. అంటే నీ 4.27 ఇప్పుడు 3.86 లాగా పనిచేస్తుంది. లాగే బలం పదో వంతు పోయింది. గుట్ట ఎక్కేటప్పుడు ఆ లోటును నువ్వు క్లచ్చుతో పూడుస్తావు. నెలకో క్లచ్చు ప్లేటు మారుస్తూ పార్టు బాగా రావట్లేదని షాపువాణ్ని తిడతావు. ఇంకోటి, మీటరు 60 చూపిస్తుంటే నువ్వు 66లో పోతుంటావు.

తిరిగి పాత బలం రావాలంటే పాత రేషియోను కొత్త టైరుతో హెచ్చించి పాత టైరుతో భాగించు. 4.27 ఇంటూ 31 బై 28. వచ్చేది 4.73. ఆ అంకె గేరు దొరకదు. దగ్గరలో దొరికేది 4.88, అంటే 39కి 8. అది వేస్తే మొదటికంటే కొంచెం ఎక్కువ లాగుతుంది. టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటైతే ఎనభై స్పీడులో ఇంజిన్ పాత 2550కి బదులు సుమారు 2630 తిరుగుతుంది. అది పెద్ద తేడా కాదు. పాత విల్లీస్ జీపు నుంచి వచ్చిన 5.38 కూడా ఉంది, 43కి 8. హైదరాబాద్ హైవే మీద రోజూ తిరిగేవాళ్లు దాని జోలికి పోవద్దు, ఇంజిన్ అరుస్తుంది.

ఆ పాత సీజే-3బీ జీపు లెక్క కూడా చెప్పాలనిపిస్తోంది. మొదటి గేరు 2.8, బలం పెంచే అదనపు గేరు, అంటే లో రేంజి, 2.46, హౌసింగ్ 5.38. మూడూ హెచ్చిస్తే 37. ఇంజిన్ ఐడిలింగ్‌లో 800 తిరుగుతుంటే చక్రం నిమిషానికి ఇరవై రెండు చుట్లు కూడా తిరగదు. గంటకు 3 కిలోమీటర్లు. మనిషి పక్కనే నడుస్తూ ఏ రాయి మీద చక్రం పెట్టాలో చెప్పగలడు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టక్కర్లేదు. మూడు గేర్ల బండి అది! ఇప్పుడు హార్స్‌పవర్ గురించి మాట్లాడేవాళ్లు ఈ 37 గురించి మాట్లాడరు.

మీ బండి రేషియో ఎంతో తెలియకపోతే విప్పనక్కర్లేదు. వెనక ఒక చక్రం లేపి, రెండోది నేల మీదే ఉంచి, కింద రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్ చేయండి. గేర్ల నుంచి ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. లాకరో, రెండు చక్రాలనూ కొంతమేర కలిపి పట్టే లిమిటెడ్ స్లిప్పో ఉన్న బండికి ఇది కుదరదు.

మార్చితే ముందూ వెనకా రెండూ మార్చాలి. వెనక 4.88, ముందు 4.27 ఉంచి ఫోర్ బై ఫోర్ వేస్తే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. గట్టి నేల మీదైతే షాఫ్టో, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసో ఏదో ఒకటి పోతుంది. డబ్బుల్లేవు, ఈ ఏడు వెనక, వచ్చే ఏడు ముందు అంటే ఆ ఏడాదంతా ఫోర్ బై ఫోర్ లివర్ ముట్టకూడదు. జిప్సీవాళ్లకు ఇంకో దారి ఉంది. దాని ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అంటుకోకుండా విడిగా ఉంటుంది. అందులోనే తక్కువ రేషియో గేర్లు వేస్తే రెండు హౌసింగులు విప్పే పని తప్పుతుంది.

హౌసింగ్ విప్పారా, లాకరు మాట అప్పుడే తేల్చుకోండి. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా బలం ఇస్తుంది. ఒక చక్రం గాలిలో లేస్తే దాన్ని తిప్పడానికి ఎంత కావాలో రెండోదానికీ అంతే అందుతుంది, అంటే దాదాపు ఏమీ లేదు. బండి నిలబడి చక్రం తిరుగుతుంది. గాలి లాకరులో స్విచ్ నొక్కితే కంప్రెసర్ గాలి పిస్టన్‌ను నెట్టి ఆ ఇరుసులోని ఎడమ, కుడి షాఫ్టులను ఒకటి చేస్తుంది. 85 నుంచి 105 పీఎస్ఐ చాలు, గాలి పరిమాణం చాలా కొంచెం. దాని ఓ-రింగులు, అంటే రబ్బరు సీళ్లు, పాడైతే గాలిని తెరిచి మూసే కరెంటు వాల్వు, అదే సోలనాయిడ్, దగ్గర గాలి వదిలే రంధ్రం నుంచి గేరాయిల్ చిమ్ముతుంది. అది కనిపిస్తే వెంటనే చూడాలి. ఫోర్స్ గుర్ఖాకు ముందూ వెనకా లాకర్లు కంపెనీ నుంచే వస్తున్నాయి. 2020లో వచ్చిన థార్‌లో కొన్ని రకాలకు వెనక మెకానికల్ లాకరు ఉంది, దానికి గాలి అక్కర్లేదు. ఉన్నదాన్ని తీసి ఇంకోటి వేసే ముందు ఉన్నది వాడి చూడండి.

ఇక అసలు కష్టం. క్రౌన్ పినియన్ కూర్చోబెట్టడం ఇంటి పనేనా? పరికరాలుంటే ఇంటి పనే. లేకపోతే కాదు. పానాలు, సుత్తి, అనుభవం ఉన్నాయి చాలు అంటే నేను ఒప్పుకోను. డయల్ గేజి కావాలి. పినియన్ బేరింగు ప్రీలోడు, అంటే బేరింగు ఎంత బిగువుగా ఉందో, కొలిచే చిన్న టార్క్ రెంచి కావాలి. బేరింగు నొక్కే ప్రెస్సు కావాలి. చేత్తో అటూ ఇటూ ఆడించి "ప్లే సరిపోయింది" అనే పెద్ద మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు, వాళ్ల చేతి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇక్కడ బ్యాక్‌లాష్, అంటే రెండు గేర్ల పళ్ల మధ్య ఆడే సందు, 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 0.20కీ 0.30కీ తేడా ఏ చెయ్యీ చెప్పలేదు.

వరుస ఇది. మొదట పినియన్ లోతు. అది వెనక పెట్టే పలుచని రేకు బిళ్లల, అంటే షిమ్ముల, మందంతో కుదురుతుంది. పాత పినియన్ కింద ఉన్న షిమ్ము మందంతోనే మొదలుపెట్టండి. తర్వాత ప్రీలోడు. తర్వాత క్రౌన్‌ను పక్కలకు జరిపి బ్యాక్‌లాష్. అప్పుడు పళ్లకు రంగు పూసి, క్రౌన్‌కు బరువు తగిలేలా అడ్డుపట్టి తిప్పి, మచ్చ ఎక్కడ పడిందో చూడాలి. మచ్చ పన్ను మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో రావాలి. పన్ను అంచుకు ఎక్కితే పినియన్ దూరంగా ఉన్నట్టు, షిమ్ము పెంచాలి. పన్ను మొదట్లోకి దిగితే పినియన్ మరీ లోపలికి పోయినట్టు, షిమ్ము తగ్గించాలి. లోతు మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మారుతుంది, మళ్లీ అది సరిచేయాలి, మళ్లీ రంగు పూయాలి. మూడుసార్లు, నాలుగుసార్లు విప్పి బిగించాల్సి రావచ్చు. అందుకే తొందరపడేవాడు రెండో మచ్చకే "పర్వాలేదు" అంటాడు. ఆ పర్వాలేదు అన్న హౌసింగే యాభై స్పీడులో ఏడుపు మొదలుపెడుతుంది. మచ్చ తేలేదాకా క్రష్ స్లీవ్, అంటే బిగిస్తే నలిగి చివరి ప్రీలోడును నిలిపే గొట్టం, నలపకండి, అది ఒక్కసారికే. క్రౌన్ బోల్టులు కొత్తవి వేయండి, ఎదురెదురుగా బిగించండి. బండిని జాకీ మీద ఉంచి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

కొత్త గేర్లు మొదటి ప్రయాణంలో బాగా వేడెక్కుతాయి. 25, 30 కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. ట్రాలీ లాగడం, గుట్టలెక్కడం అప్పుడే వద్దు. 800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చేయండి, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడుదే పోయండి.

చేసే ముందు కాగితాలు కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజిన్, బాడీ, పెద్ద టైర్ల విషయంలో ఆర్టీఓ ఆఫీసులో అడగకుండా ముట్టకండి. బండి ఎంత బాగా తయారైనా అమ్రాబాద్ అడవిలోకి చక్రం దింపకండి. అది టైగర్ రిజర్వు, అక్కడ దారి మీద పోవడానికే నియమాలున్నాయి.

చివరికి ఒక చవక పని. హౌసింగ్ మీద లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం, బ్రీదరు, ఉంటుంది. వేడెక్కిన హౌసింగ్ డిండి వాగులో దిగగానే చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, బ్రీదరు ద్వారానో సీలు ద్వారానో నీళ్లు పీల్చుకుంటుంది. తర్వాత ఆయిల్ తీస్తే చాయ్ రంగులో వస్తుంది, ఖర్చు పెట్టిన కొత్త బేరింగులు తుప్పుపడతాయి. ఆ బ్రీదరుకు ఒక రబ్బరు పైపు తగిలించి బానెట్ కిందిదాకా తెచ్చి కట్టేయండి. గాలి పైపులు వేస్తున్నప్పుడే ఇదీ అయిపోతుంది.

ఇక లేవండి. బయట షెడ్డులో వెనక హౌసింగ్ ఒకటి స్టాండు మీద పెట్టించాను, పళ్లకు రంగు పూసి ఉంది, డయల్ గేజి పక్కనే ఉంది. నలుగురు నలుగురుగా రండి. మచ్చ చూసి షిమ్ము పెంచాలో తగ్గించాలో మీరే చెప్పాలి. చేతికి కడియాలు, ఉంగరాలు ఉన్నవాళ్లు తీసి జేబులో పెట్టుకోండి.